ఏడో నంబరు పలక

మా మేనకోడలు తన బతుకులో చెమటోడ్చి సాధించిన మొదటి విజయం, కోల్డ్ స్టోరేజీలో పలక పట్టడం. అంతకు ముందు ఆ గిడ్డంగిలో ఆడవాళ్ళు బస్తాలు కుట్టారు, బంగాళాదుంపలు ఏరారు, నేల కడిగారు. గదుల్లోకి వెళ్ళి చలి ఎన్ని డిగ్రీలుందో చూసి రాసే పని మాత్రం ఏ ఆడమనిషికీ ఇవ్వలేదు. ఈమెకు ఇచ్చారని రాస్తే అబద్ధమవుతుంది. తీసుకుంది.

పలకంటే రాతిపలక కాదు. అరచేతిలో ఇమిడే కంప్యూటరు. సబ్బుపెట్టెకు కాస్త పెద్దది, బూడిద రంగు, నాలుగు మూలలకూ నల్ల రబ్బరు. ఒరలో కత్తిలా పక్కన ఒక ప్లాస్టిక్ పుల్ల దూర్చి ఉంటుంది. అద్దం మీద దానితోనే రాయాలి. కంపెనీవాళ్ళు దానికేదో నోరు తిరగని పేరు పెట్టారు. పనివాళ్ళు పలక అన్నారు, పుల్లను బలపం అన్నారు, ఆ పేర్లే స్థిరపడ్డాయి.

మనం ఎలా రాస్తే అలా చదివే రకం కాదది. ఒక్కో అంకెకు ఒక్కో గీత. ఎక్కడ మొదలెట్టమందో అక్కడే మొదలెట్టి, బలపం ఎత్తకుండా ముగించాలి. పరీక్షకు తొమ్మిదిమంది మగవాళ్ళు కూర్చుంటే ఏడుగురికి నాలుగు అంకె కుదరలేదు. వాళ్ళు నాలుగు రాస్తే అది ఏడు అనేది. "దీనికి కళ్ళు లేవు" అని పలకనే తిట్టారు. మా అమ్మాయి ఎవరినీ తిట్టలేదు. నా దగ్గరికొచ్చింది.

నేను చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. కానీ ఇసుకలో వేలు పెట్టి దిద్దినవాణ్ణి. చెయ్యెత్తకుండా అంకె వేయడం నాకింకొకరు నేర్పక్కర్లేదు. పైగా నలభై ఒక్క ఏళ్ళు త్రాసులు బాగుచేసిన చెయ్యి ఇది. నా ముద్ర ఉన్న త్రాసును ఏ తనిఖీ అధికారీ ఇంతవరకు తప్పుపట్టలేదు. సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాను. పళ్ళెంలో సన్న ఇసుక పోసి ఇరవై రోజులు దిద్దించాను. ఇరవై ఒకటో రోజు ఆమె రెండు వందల అంకెలు రాస్తే పలక రెండు వందలూ సరిగా చదివింది. మేనేజరు నమ్మక మళ్ళీ రాయించాడు. మళ్ళీ రెండు వందలు. అప్పుడిక ఏడో నంబరు పలక ఆమె చేతికివ్వక తప్పలేదు.

ఆరేళ్ళు దాన్ని మోసింది. పొద్దున ఆరింటికి మొదటి చుట్టు, అక్కడినుంచి రెండు గంటలకోసారి, మధ్యాహ్నం రెండింటికి ఆఖరిది. చుట్టుకు ఆరు గదులు. ఒక్క చుట్టు తప్పింది లేదు, ఒక్కటి ఆలస్యమైంది లేదు. దుంపలు దాచుకోవడానికి వచ్చే రైతులు ఆమె నడకను చూసి వాచీలు సరిచేసుకునేవారు. గంటలమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆమెకు గర్వం. నాకు ఆమెకంటే ఎక్కువ.

ఇక మేనేజరు సంగతి. వెనకాల ఆయన్ని అందరూ కోటాయన అనేవాళ్ళు. చలిగదుల్లో తిరిగేవాళ్ళ కోసం కంపెనీ రెండు దూది కోట్లు పంపితే, ఒకటి ఆయనే తొడుక్కుని ఏసీ గదిలో కూర్చునేవాడు. చలిగదుల్లోకి ఒక్కనాడైనా తొంగిచూసిన పాపాన పోలేదు. రెండో కోటును మగవాళ్ళు వంతులేసుకునేవారు. గంటలమ్మ ఆరేళ్ళూ రెండు స్వెట్టర్లు వేసుకుని, లారీ తోలే మా అల్లుడి పాత మఫ్లరు చుట్టుకుని తిరిగింది.

కోటాయన గది గోడకు అవతలే నాలుగో గది చలియంత్రం ఉండేది. పాతబడి మోత చేసేది. ఒక శుక్రవారం పొద్దున, ఫోనులో మాట వినపడటం లేదని ఆయన దాన్ని ఆపించి, స్విచ్చుపెట్టెకు తాళం వేయించి, తాళంచెవి కోటు జేబులో వేసుకున్నాడు. ఓ గంట ఆపుదామనుకున్నాడట. ఆ గంట ఆదివారం సాయంత్రం దాకా సాగింది. నాలుగో గదిలో ఉన్నది తినే దుంప కాదు, రైతులు వచ్చే పంటకు దాచుకున్న విత్తనం దుంప.

ఆ మూడు రోజులూ గంటలమ్మ ప్రతి చుట్టు తర్వాతా ఆయన తలుపు కొట్టింది.

"సార్, నాలుగో గది ఏడు డిగ్రీలకొచ్చింది."

"చూస్తాలే."

"సార్, తొమ్మిది."

"చూస్తానన్నానుగా!"

"సార్, పదకొండు దాటింది. తాళంచెవి ఇవ్వండి, నేనే వేస్తాను."

"నువ్వు గదుల్ని కొలిచే మనిషివా, నన్ను కొలిచే మనిషివా? పో!"

ఆమె పోయింది. పోయేముందు ప్రతిసారీ పలకలో అంకె రాసింది, అంకె పక్కన ఆయనకు చెప్పినట్టు రాసింది, ఆయన ఏమన్నాడో అదీ రాసింది.

పదిరోజులకు రైతులు వచ్చి బస్తాలు విప్పితే దుంపలు మొలకలెత్తి, మెత్తబడి, ముక్కు మూసుకోవాల్సిన వాసన. కోటాయన తన కంప్యూటరు తెర రైతులవైపు తిప్పాడు. ఆరు గదులకూ ఎదురుగా మూడు రోజులూ ఖాళీ. పలకలోంచి ఆఫీసుకు వెళ్ళిన అంకెల్ని ఆయనే చెరిపేశాడు.

"చుట్లే వేయలేదు ఈవిడ."

"వేశాను సార్. మీకు చెప్పాను కూడా."

"ఎక్కడుందమ్మా? చూపించు. గంటలమ్మకే గంటలు తెలియకపోతే ఇంక మనమేం చేస్తాం!" అని నవ్వి, ఆమె చేతిలోంచి పలక లాక్కుని స్టోరు బీరువాలో పెట్టించాడు. అక్కడికక్కడే ఉద్యోగం తీసేశాడు. ఆమె దాన్నీ తట్టుకునేది. కానీ ఆరేళ్ళుగా ఆమెను నోరారా అక్కా అని పిలిచే ఒక రైతు, కుళ్ళిన దుంప చేతిలో పట్టుకుని, "నిద్రపోయావా అక్కా?" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. జాలిగా అన్నాడు.

ఆమె తిన్నగా నా కొట్టుకొచ్చి తూకంరాళ్ళ పెట్టె మీద కూర్చుంది. నేను పెద్దవాణ్ణి. "పోనీలేమ్మా, వాడి పాపాన వాడే పోతాడు" అనాల్సినవాణ్ణి. అనలేదు. మా వంశంలో ఆ మాట అన్నవాళ్ళెవరూ బాగుపడలేదు.

"మావయ్యా," అంది, "ఆ మూడు రోజుల అంకెలూ ఆయన నోటితో చదివించాలి. ఆ రైతుల ముందే."

"చదివిద్దాం" అన్నాను. ఎలాగో నాకూ తెలియదు.

పై ఆఫీసుకు ఉత్తరం రాశాం. విచారణ జరుపుతాం, సాక్ష్యం ఉంటే తీసుకురండి అని జవాబొచ్చింది. ఉన్న ఒక్క సాక్ష్యం బీరువాలో ఉంది. ఆఫీసు కంప్యూటర్లో చెరిపినా, పలకలో ఒక నకలు మిగిలి ఉంటుంది. అయితే ఆ పాత పలకలతో ఒక చిక్కుంది. వాటిలో రాసిందంతా బ్యాటరీ బలం మీదే నిలుస్తుంది. చార్జింగు పూర్తిగా అయిపోతే జ్ఞాపకమంతా పోయి, మళ్ళీ పెట్టినప్పుడు పుట్టినప్పటిలా ఖాళీగా వెలుగుతుంది. వాడకుండా పడేస్తే నెల తిరక్కుండా ఆ పని జరుగుతుంది. ఈ సంగతి ఆమెకు తెలుసు, కోటాయనకూ తెలుసు. రెండు నెలలు గడిచాయి. ఆమె నా కొట్టులో రాళ్ళు తోముతూ కూర్చుంది. ఇత్తడి అరిగిపోతుందేమో అన్నంత కసిగా తోమింది.

అప్పుడొచ్చాడు గిడ్డంగి స్టోరు చూసే పెద్దాయన, పాడైన త్రాసు పట్టుకుని. పద్దెనిమిదేళ్ళుగా స్టోరు తాళాలు ఆయన దగ్గరే. గంటలమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది.

"నాకు పని తగ్గిందమ్మా. అందరికీ కొత్త ఫోన్లిచ్చారు. పలకలన్నీ నిన్ననే పాతసామాను కొట్టుకు తోలేశాం."

ఆమె చేతిలో రాయి ఆగిపోయింది. "ఏడోది కూడానా?"

"పదకొండూను."

"పోనీలే బాబాయ్. రెండు నెలలు బీరువాలో పడుంటే ఇంకేం మిగిలుంటుంది వాటిలో."

పెద్దాయనకు రోషమొచ్చింది. "ఎందుకు మిగలదు? నేనేమన్నా చచ్చానా? ప్రతి సోమవారం పదకొండు పలకలకూ చార్జింగు పెట్టాను. కోటాయన వద్దన్నాడనుకో. అలా పడెయ్, వాటంతటవే ఆరిపోయాక అమ్మెయ్ అన్నాడు. నా చేతికింద చీపురైనా చచ్చి బయటికెళ్ళలేదు, కంప్యూటర్లు వెళ్తాయా? నిన్న పంపేముందు కూడా నిండా పెట్టి, దుమ్ము దులిపి పంపాను."

గంటలమ్మ లేచి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఆయనకేమీ అర్థం కాలేదు. "ఎన్నాళ్ళుంటుంది బాబాయ్, నిండా పెడితే?"

"ముసలి బ్యాటరీలు కదా. వారం. మహా అయితే పదిరోజులు."

నలభై ఒక్క ఏళ్ళలో పొద్దున పదకొండింటికి కొట్టు కట్టేసింది ఆ ఒక్కరోజే.

పాతసామాను కొట్టు రిపేరు వీధిలో చివరిది. గుమ్మం దగ్గర కీబోర్డులు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. లోపల చార్జర్ల తీగలు చిక్కుపడి జడల్లా వేలాడుతున్నాయి. పలకలు ఒక ప్లాస్టిక్ తొట్టిలో, రిమోట్ల కింద. దారిలోనే మా అమ్మాయి చెప్పింది: "మావయ్యా, ఏడోదాని వంక చూడకు. నీ ముఖానికి అబద్ధం రాదు." అందుకని మూడోది తీశాను, తొమ్మిదోది తీశాను, పెదవి విరిచాను.

"వీటితో ఏం చేస్తారు పెద్దాయనా?" అన్నాడు కొట్టు యజమాని.

"తూకాలు రాసుకుంటాను."

"ఫోను లేదా?"

"ఉంది. మా ఆవిడ ఖాళీగా ఉంచదు."

అతను నవ్వాడు. ఆ నవ్వులో ఏడోది తీశాను. వెనక తెల్లరంగుతో ఏడు. చలికి వేళ్ళు జారకుండా ఆమె బలపానికి చుట్టుకున్న నీలం దారం అలాగే ఉంది. "ఇది చాల్లే" అన్నాను.

"ఉండండి, కొత్తదానిలా చేసిస్తా" అంటూ అతను చొక్కా కాలరులోంచి గుండుసూది తీశాడు. "వెనకాల ఈ బెజ్జంలో ఒక్కసారి గుచ్చితే లోపలున్న చెత్తంతా పోతుంది."

సూది మొన బెజ్జం మీద ఆనింది. మా అమ్మాయి బల్ల మీదికి వంగి అతని మణికట్టు పట్టుకుంది. చలిగదుల ఇనుప తలుపులు లాగిన చెయ్యి అది. అతను "అమ్మో" అన్నాడు.

"ఏంటమ్మా, లోపల నిధేమన్నా ఉందా?"

"మా మావయ్యకు కొత్తవి పడవండీ. పాతదాన్ని పాతదానిలాగే ఇవ్వండి."

"నిజమే," అన్నాను, "మా ఆవిణ్ణి అడుగు."

అతనికి అనుమానమొచ్చి ధర పెంచాడు. మనిషి ఆశ కళ్ళలోకి వచ్చాక బేరమాడి లాభం లేదు. బల్ల మీదున్న అతని త్రాసు కనిపించింది. జేబులోని నా కిలోరాయి తీసి పెట్టాను. "నలభై గ్రాములు తింటోంది నీ త్రాసు. తనిఖీవాళ్ళు చూస్తే కొట్టుకు సీలే. ఇప్పుడే సరిచేసి నా ముద్ర వేస్తాను. పలక, అది కూర్చునే చార్జింగు పీట, రెండూ ఇచ్చెయ్." నా ముద్ర విలువ ఆ వీధికి తెలుసు. అరగంటలో బయటపడ్డాం.

వాళ్ళింట్లో దాన్ని వెలిగించాం. నాలుగో గది, శుక్రవారం, ఎనిమిది గంటలు. అన్నీ ఉన్నాయి. ఆమె ఏడవలేదు, నవ్వలేదు. "దొరికావురా" అంది, అంతే. ఎవర్నన్నదో చెప్పక్కర్లేదు.

కాగితం మీద ఎక్కించుకున్నాం, నా ఫోనుతో ఫొటోలు కూడా తీశాం. కానీ కాగితం మేం రాసిందంటారు, ఫొటో మేం అల్లిందంటారు. పై ఆఫీసువాళ్ళు కూడా అసలు యంత్రమే కావాలన్నారు. విచారణ నెలా పదిరోజుల తర్వాత. అంటే అన్నాళ్ళూ ఆ ముసలిప్రాణాన్ని మేం నిలబెట్టాలి.

నిలబెట్టిన తీరు కూడా రాయాల్సిందే. చార్జింగు పీట మీద కూర్చోబెట్టేముందు ఆమె, కాళ్ళు తుడిచినట్టు దాని అడుగునున్న ఇత్తడి చుక్కల్ని పొడిగుడ్డతో తుడిచేది. ఎండ తగలనిచ్చేది కాదు, పొయ్యి ఉన్న గదిలోకి తెచ్చేది కాదు. అద్దం మీద గీత పడకుండా పారదర్శకమైన పొర కత్తిరించి అంటించింది. రెండు గంటలకోసారి వెళ్ళి ఎంత చార్జింగుందో చూసి గోడమీద క్యాలెండరులో రాసేది. ఉద్యోగం పోయినా చుట్లు మానలేదు చూశారా. కరెంటు పోతే చాలు, పలక చంకన పెట్టుకుని నా కొట్టుకు పరుగు. అక్కడ ఇన్వర్టరుంది.

వాళ్ళత్తగారు ఇది చూసి ఊరుకునే మనిషి కాదు. "నా కొడుక్కి టైఫాయిడొచ్చినప్పుడు ఇన్నిసార్లు చూశావటమ్మా?"

"మీ అబ్బాయి చార్జింగు అయిపోతే అన్నం పెడితే లేస్తాడత్తయ్యా. ఇది లేవదు."

"పగబట్టినా పద్ధతిగా బట్టావే తల్లీ" అని ఆవిడ గొణిగింది. గొణిగిందే గానీ, దుమ్ము దులిపే తడిగుడ్డ ఆ గది గుమ్మం దాటకుండా ఆవిడే కాపలా కాసింది.

మూడో వారంలో పలక వీపు ఉబ్బింది. బ్యాటరీ పొంగి మూతను తోస్తోంది. నిండా పెట్టింది పూటకే అయిపోతోంది. మార్చక తప్పదు. మార్చాలంటే తీయాలి, తీస్తే జ్ఞాపకం పోతుంది. స్టోరు పెద్దాయన పలకలతో వచ్చిన చిన్న పుస్తకాన్ని కూడా పద్దెనిమిది పొరల ప్లాస్టిక్‌లో దాచాడు. అందులో ఉంది: బ్యాటరీ తీశాక, లోపలి చిన్న కరెంటు నిల్వ మీద ఒక్క నిమిషం మాత్రం జ్ఞాపకం నిలుస్తుంది. ఒక్క నిమిషంలో ఉబ్బినదాన్ని పెకలించి, కొత్తది దూర్చి, గోరంత కొండీ బిగించాలి.

మళ్ళీ పాతసామాను కొట్టుకు వెళ్ళి మూడోది, తొమ్మిదోది కొన్నాం. "ఏంటి పెద్దాయనా, ఇంట్లో బడి పెట్టారా?" అన్నాడతను. తొమ్మిదోదాని బ్యాటరీ బాగుంది. మూడోది సాధనకు. మా అమ్మాయి దానిలో ఓ నాలుగు అంకెలు రాసింది, నేను విప్పాను. మొదటిసారి నిమిషం మీద నలభై సెకన్లు పట్టింది. అంకెలు పోయాయి. "చచ్చిపోయింది మావయ్యా. మళ్ళీ." రెండోసారీ చంపాను. ఆరోసారి నుంచి బతకడం మొదలెట్టింది. పదకొండోసారికి నలభై సెకన్లకు దిగాను. డెబ్బైరెండేళ్ళ చేతులివి, ఎవరైనా చేసి చూపించమనండి.

అసలుదాన్ని మర్నాడు పొద్దున కిటికీ వెలుగులో పెట్టుకున్నాం. వాళ్ళత్తగారు ఫ్యాను కట్టేసి, తలుపు దగ్గర నిలబడి ఊపిరి బిగబట్టింది. మరలు ముందే విప్పాను. ఆమె లెక్కపెట్టింది, చలిగదిలో డిగ్రీలు చదివినంత మామూలుగా: పది. ఇరవై. ముప్ఫై. ఉబ్బిన బ్యాటరీ అంచు ఊడిరాలేదు. ముప్ఫై ఐదు. చిన్న త్రాసుల పట్టుకారు వేసి లేపాను. నలభై ఐదు. కొండీ ఒకసారి తప్పింది. యాభై. యాభై రెండు. టిక్కుమంది.

వెలిగించింది. శుక్రవారం ఉంది. శనివారం ఉంది. ఆదివారం ఉంది. వాళ్ళత్తగారు, "అన్నయ్యగారూ, కాఫీ తాగుతారా, ముందు నన్ను కూర్చోబెడతారా?" అంది.

ఇంతలో స్టోరు పెద్దాయన తన గొప్ప దాచుకోలేక గిడ్డంగిలో చెప్పుకున్నాడు, తను చార్జింగు పెట్టబట్టే ఏడో పలక బతికిందని. రెండోరోజే కోటాయన నా కొట్టు ముందు కారు దిగాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ పిలవకుండానే. బయట చెమటలు పట్టే ఎండ. ఒంటిమీద కోటు లేకపోతే మనిషి సగమే ఉన్నాడు.

"ఆ డొక్కు ఎందుకమ్మా నీకు? అది నాకిచ్చెయ్. కొత్త ఫోనిప్పిస్తా, పెద్దది."

"కొత్తవి నాకొద్దు సార్. పాతవే కావాలి. పాత పలక, పాత ఉద్యోగం." రాయి తోముతూనే అంది. "ఆరేళ్ళ పాత కోటొకటి బాకీ ఉంది, అదీను."

"ఆడమనిషికి ఇంత పగ పనికిరాదు."

"మగమనిషికి ఇంత చలి పనికొచ్చిందిగా సార్."

ఆయన నా వంక తిరిగాడు, పెద్దవాణ్ణి కదా, చెబుతాననుకున్నాడు. "మీ బరువు చూడమంటారా? ఊరికే చూస్తాను" అన్నాను. కారెక్కాడు.

అక్కడినుంచి విచారణ వాయిదా పడటం మొదలైంది. ఒకసారి ఆయనకు నడుంనొప్పి. ఇంకోసారి కాగితాలు దొరకలేదు. పలక చచ్చేదాకా కాలం ఈడ్చాలని ఆయన లెక్క. మేం క్యాలెండరు పేజీలు తిప్పాం, పలకను పీట ఎక్కించాం. రెండు వాయిదాలు పోయి మూడోసారికి, పై ఆఫీసు నుంచి విచారణ చేసే మేడమ్, కంప్యూటర్లు చూసే ఇంజనీరు స్వయంగా గిడ్డంగికే వచ్చారు. విత్తనం పోయిన రైతుల్ని కూడా పిలిపించారు. అక్కా అని పిలిచిన రైతు ముందు వరసలోనే కూర్చున్నాడు.

కోటాయన కోటు తొడుక్కునే వచ్చాడు. "మేడమ్, చార్జింగు లేక ఎప్పుడో ఖాళీ అయిన యంత్రమది" అన్నాడు, గట్టి నమ్మకంతో.

గంటలమ్మ గుడ్డ విప్పి పలకను బల్ల మీద పెట్టి, బలపంతో ఒక్కసారి తాకింది. వెలిగింది.

స్టోరు పెద్దాయన రిజిస్టరు చూపి, ఏడో నంబరు ఈమెదేనన్నాడు. ఇంజనీరు దాన్ని అటూ ఇటూ తిప్పి, తన తీగ తగిలించి పావుగంట చూశాడు. "తేదీలు, టైములు యంత్రం తనంతట తను వేసుకున్నవే మేడమ్. తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఆఫీసు కంప్యూటర్లో చెరిపిన జాడ కూడా ఉంది."

"చదవండమ్మా" అంది మేడమ్.

"నేను రాసినప్పుడే చదువుకున్నాను మేడమ్. సార్‌ను చదవమనండి. అప్పుడు ఆయన వినలేదు."

మేడమ్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, పలకను కోటాయన ముందుకు జరిపింది.

ఆయన కళ్ళజోడు వెతుక్కున్నాడు. జేబులోనే ఉంది. "శుక్రవారం. ఎనిమిది గంటలు. నాలుగో గది. ఐదు డిగ్రీలు." ఆగాడు.

"పక్కన కూడా ఉంది సార్."

"యంత్రం ఆగి ఉంది... మేనేజరుకు చెప్పాను. చూస్తాలే అన్నారు."

"తర్వాతది సార్."

"పది గంటలు. ఏడు డిగ్రీలు. చెప్పాను... చూస్తాలే అన్నారు." చివరిదాకా ఒకటే కదా అని రెండు వరసలు దాటేయబోయాడు.

"పన్నెండు, రెండు గంటలవి వదిలేశారు సార్." ఆమె పలక చూడటం లేదు, గోడ చూస్తోంది. ఆమెకు అన్నీ కంఠతా వచ్చు.

ఆయన వెనక్కొచ్చి చదివాడు. శనివారం చదివాడు. "తాళంచెవి అడిగాను. పో అన్నారు" అన్న చోట ఆగి నీళ్ళడిగాడు. ఆమే గ్లాసు అందించింది. "తాగండి సార్. ఆదివారం ఇంకా ఉంది."

దొంగకు తేలు కుట్టినట్టు అంటారు, ఆ మాటను నేను కళ్ళారా చూశాను. పద్నాలుగు చుట్లూ చదివాడు. ఆఖరిది, ఆదివారం రెండు గంటలు, పదహారు డిగ్రీలు. ముందు వరసలోని రైతు లేచి, తన కుర్చీ తెచ్చి ఆమె వెనక వేశాడు. ఆమె అంతవరకూ నిలబడే ఉందని మాకెవరికీ తోచలేదు. "కూర్చో అక్కా" అన్నాడు. ఆమె గోడ మీంచి చూపు తిప్పి, అతని వంక చూసి కూర్చుంది.

రైతులకు విత్తనానికి విత్తనం ఇప్పిస్తామని మేడమ్ అక్కడే రాసింది. గంటలమ్మ ఉద్యోగం తిరిగివ్వమని రాసింది. "ఈయన్ని పంపించేస్తున్నాం. ఇంకేమైనా చెప్పాలా?"

"పంపొద్దు మేడమ్" అంది ఆమె.

కోటాయన తలెత్తాడు. మంచిది, క్షమించేసింది అనుకున్నాడేమో. నేనూ ఒక క్షణం భయపడ్డాను.

"ఆయన ఆ గదిలోనే ఉండాలి. నేను చుట్టు తిరిగొచ్చి, తలుపు కొట్టి, ఆరు గదుల డిగ్రీలూ చదివి వినిపిస్తాను. ఆయన లేచి నిలబడి విని, సంతకం పెట్టాలి. రోజుకు ఐదుసార్లు. కోటు నాకివ్వాలి."

మేడమ్ నవ్వు ఆపుకోవడానికి కాగితాల్లోకి తల దించింది. మేనేజరు పని తీసేసి, ఆ గదిలోనే సంతకాలు పెట్టే పనికి దింపుతూ రాసింది. రిటైరవడానికి ఆయనకింకా నాలుగేళ్ళుంది. లెక్క వేశాను, ఆదివారాలు కలుపుకుని ఏడువేల మూడువందల సంతకాలు.

చూసినవాళ్ళు ఇది మరీ ఎక్కువన్నారు. చలిగదిలో ఆరేళ్ళు స్వెట్టరుతో తిరిగి అప్పుడు చెప్పమనండి.

కొత్త ఫోన్ల మీద పని నేర్చుకోవడానికి కంపెనీ ఆమెను ప్రధాన ఆఫీసుకు మూడు వారాలు పంపింది. తిరిగొచ్చాక ఆరు గదులకూ ఆమే పెద్ద. బస్సెక్కేముందు పలకను నా చేతిలో పెట్టి, "ప్రతి సోమవారం మావయ్యా" అంది. పెడుతున్నాను. పని అయిపోయిందిగా, ఇంకా ఎందుకని వాళ్ళత్తగారు అడిగింది. ఎందుకేమిటి, ఆయన ఎప్పుడైనా సంతకం పెట్టనంటే చూపించడానికి. కోటును స్టోరు పెద్దాయన ఉతికించి, గుండీలు కుట్టించి, ఏడో నంబరు కొక్కేనికి తగిలించాడట. మొదటి చుట్టుకు గేటు దగ్గర ఉంటామని రైతులు కబురు పంపారు. నేనూ వెళ్తున్నాను. గంటలమ్మ వచ్చేది వచ్చే నెల పదిహేడో తారీకు, సోమవారం, పొద్దున ఆరు గంటలకు.